రాయి విసిరితే విమానాశ్రయం

దూరాన్ని చెప్పే ఇంగ్లీషు మాటలను మనవాళ్లు తప్పుగా వాడుతున్నారని వ్యాకరణ పండితులు తరచూ వాపోతుంటారు గానీ, షాద్‌నగర్ దాటాక వెలసిన ఒక వెంచర్ బ్రోచర్‌ను శ్రద్ధగా అధ్యయనం చేసిన మీదట ఆ ఆరోపణలో పస లేదన్న నిర్ధారణకు వచ్చాను.

‘వాకబుల్ డిస్టెన్స్’ అనకూడదట, ‘విదిన్ వాకింగ్ డిస్టెన్స్’ అనాలట. అలా అంటే మామూలు మనిషి ఆయాసపడకుండా నడవగలిగినంత అనే హద్దు ఒకటి వచ్చి పడుతుంది. ‘వాకబుల్’ అన్నప్పుడు నడవడం సాధ్యమా కాదా అన్నదే ప్రశ్న, ఎన్ని రోజులన్నది కాదు. 1930లో గాంధీగారు సబర్మతి నుంచి దండికి సుమారు 385 కిలోమీటర్లు 24 రోజుల్లో నడిచి చూపించారు గనుక, ఆ లెక్కన మేము చూసిన ప్లాటుకు స్కూలు, ఆసుపత్రి, రైల్వే స్టేషన్ మాత్రమే కాదు, శ్రీశైలం కూడా నిస్సందేహంగా వాకబుల్ డిస్టెన్సే.

‘స్టోన్స్ త్రో’ సంగతి మరికాస్త లోతైనది. శంషాబాద్ విమానాశ్రయం అక్కడికి రాయి విసిరితే పడేంత దూరమని బ్రోచర్ చెబుతుండగా, మా కారు మీటరు మాత్రం 38 కిలోమీటర్లు చూపించింది. టోక్యో ఒలింపిక్స్‌లో నీరజ్ చోప్రాకు స్వర్ణం తెచ్చిన విసురు 87.58 మీటర్లు. ఆయనే వచ్చి, ఈటె పడిన చోటికల్లా వెళ్లి అదే ఊపుతో మళ్లీ విసురుతూ పోయినా 434 విసుర్లు పడతాయి. అయితే ఒక్క విసురులోనే చేరాలని బ్రోచర్ ఎక్కడా అనలేదు కదా!

తెలుగు పేజీలో అదే విమానాశ్రయం ‘కూతవేటు దూరంలో’ ఉంది. ఇది ఇంగ్లీషువారి ‘విదిన్ ఇయర్‌షాట్’కు చక్కగా సరిపోయే మాట. కూత మనిషిదే అయి ఉండాలని మన పెద్దలు నియమం పెట్టలేదు. నెత్తి మీద విమానం మోత వినబడుతూనే ఉంది. ‘టెన్ మినిట్స్ ఎవే’ అన్నచోట ఏ వాహనంలో అని అడగడం మర్యాద కాదు.

ఎండలో హద్దురాళ్ల మధ్య నిలబడి, బస్సు ఎక్కడ ఆగుతుందని మా ఆవిడ అడిగితే, గొడుగు పట్టుకున్న ఏజెంటు కుర్రాడు ‘వెరీ నియర్ మేడమ్, ఓన్లీ ఫోర్ కిలోమీటర్స్ ఫార్’ అన్నాడు. అంకె చెప్పాక ‘ఫార్’ రాకూడదు బాబూ, ‘ఎవే’ అనాలి అని నేను సవరించబోయాను.

‘‘ఉండండి. పొద్దుటి నుంచి ఆ అబ్బాయి నోట వచ్చిన నిజం అదొక్కటే. దాన్నీ దిద్దేయకండి’’ అంది మా ఆవిడ.