పేరు రాయాలి, పార్టీ పేరు చెల్లదు

ఎడ్మంటన్‌లో ఉండే మావాడొకడు ఫోన్లో మాటల మధ్య "అదా, అది సేఫ్ సీటులే అన్నా" అని తేలిగ్గా అనేశాడు. అప్పట్నుంచి నాకు అదే టెన్షన్. సేఫ్ అంటే ఎవరికి సేఫ్ రా బాబూ?

వాడన్నది కెనడాలోని ఆల్బర్టాలో ఉన్న బ్యాటిల్ రివర్–క్రోఫుట్ అనే పార్లమెంటు నియోజకవర్గం గురించి. విస్తీర్ణంలో మన పాత కర్నూలు, కడప, అనంతపురం జిల్లాలు మూడూ కలిపితే ఎంతో ఇంచుమించు అంత ఉంటుంది. కనోలా అనే నూనెగింజల చేలు, పశువుల మందలు, మధ్యమధ్యలో తల ఊపుతూ ఆయిల్ తోడే పంపులు. డ్రమ్‌హెల్లర్ ఊళ్లో మెట్లెక్కి నోట్లోకి వెళ్లి నిలబడగలిగేంత పెద్ద డైనోసార్ బొమ్మ కూడా ఉంది. డైనోసార్లు పోయాయి గానీ అక్కడి ఓటు మాత్రం కదల్లేదు. పార్టీ ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ అన్నా, రిఫార్మ్ అన్నా, అలయన్స్ అన్నా, మళ్లీ కన్సర్వేటివ్ అన్నా, బోర్డు మారిందే తప్ప కొట్టు అదే.

ఒకే ఒక్కడు తేడా చేశాడు. జాక్ హార్నర్ అని, 1958 నుంచి ఎంపీ. 1977లో పార్టీ ఫిరాయించి ప్రత్యర్థి పార్టీ లిబరల్స్‌లో చేరి మంత్రి అయ్యాడు. జనం 1979 దాకా ఓపిక పట్టి, చిత్తుగా ఓడించి ఇంటికి పంపారు. మనవాళ్లయితే ఈపాటికి ఆయన్ని తిరిగి పాత పార్టీలో చేర్చుకుని కండువా కప్పేవాళ్లు.

ఇక 2025. కన్సర్వేటివ్ నాయకుడు పియేర్ పొయిలీవ్రే ఏప్రిల్‌లో ఒట్టావా పక్కనున్న తన సొంత సీటు కార్లెటన్‌లో ఓడిపోయాడు. రెండు దశాబ్దాలుగా ఉన్న సీటు. ఇప్పుడెలా? ఏముంది, సేఫ్ సీటు ఉందిగా! 83 శాతం దాకా ఓట్లతో అప్పుడే గెలిచిన డేమియన్ కురెక్ రాజీనామా చేశాడు, నాయకుడు పెట్టె సర్దుకుని దిగాడు. ఆయన పుట్టింది కాల్గరీలోనేలెండి, పరాయివాడు అనకూడదు. అయినా మనం నవ్వడానికి లేదు, 1991లో గంగుల ప్రతాపరెడ్డి నంద్యాల ఖాళీ చేస్తే పీవీ నరసింహారావు ఐదు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. కాకపోతే నంద్యాలలో తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న ముచ్చటైనా ఉంది, ఎన్టీఆర్ పోటీ కూడా పెట్టలేదు.

అసలు వినోదం ఆగస్టు 18న, ఉప ఎన్నిక రోజున. ఎన్నికల పద్ధతి మార్చాలని పట్టుబట్టిన ఒక గుంపు పుణ్యమా అని బరిలో 214 మంది తేలారు. అంతమంది పేర్లు అచ్చేస్తే బ్యాలెట్ పంచె అంత పొడుగవుతుందని భయపడి, ఎన్నికల సంఘం ఖాళీ గీత ఒకటి ఇచ్చి పేరు మీరే రాసుకోండి అంది. స్పెల్లింగ్ తప్పినా పర్లేదు, మనిషి ఎవరో తెలిస్తే చాలట. పార్టీ పేరు మాత్రం రాస్తే చెల్లదట!

ఇప్పుడు ఆ రైతుని ఊహించుకోండి. జీవితంలో ఏనాడూ అభ్యర్థి పేరు చూసి ఓటేసినవాడు కాదు, తాతదీ అదే పార్టీ, తండ్రిదీ అదే పార్టీ. అట్టముక్క చాటున పెన్సిల్ పట్టుకుని నిలబడ్డాడు. తనకు తెలిసిన ఒకే ఒక్క మాట రాయకూడదు. రాయాల్సిన పేరేమో పలికితే పాలియేవ్, అక్షరాలు చూస్తే పొయిలీవ్రే. బయట కోతలు దగ్గరపడుతున్నాయి. అరవై ఏళ్లుగా కళ్లు మూసుకుని వేసిన ఓటుకి హఠాత్తుగా డిక్టేషన్ పరీక్ష! రాత్రి లెక్కపెట్టేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. యాభై వేల దాకా చేతిరాతలు, ప్రతిదీ విప్పి ఇది ఆయన పేరేనా అని కళ్లు చిట్లించి చూడటం. అంతా అయ్యాక ఫలితం? ఎనభై శాతం పైన, ఆయనకే.

నాయకుడుగారికి మాత్రం ఒళ్లు మండింది, ఇలాంటి ఆటలు కుదరకుండా చట్టం మార్చాలన్నాడు. ఈ మాట నేనెక్కడో విన్నాను. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది నిలబడ్డారు, బ్యాలెట్ పుస్తకమైపోయింది, పోలింగే వాయిదా పడింది. ఎందుకు నిలబడ్డారు? తాగే నీళ్లలో ఫ్లోరైడ్. కాళ్లు వంకర్లు పోయిన పిల్లలు, ముప్ఫై ఏళ్లకే వంగిపోయిన నడుములు. గోడు వినేవాడు లేక పేర్లన్నీ బ్యాలెట్‌కి ఎక్కించారు. ఢిల్లీకి ముందుగా ఏం తోచిందో తెలుసా? డిపాజిట్ 500 నుంచి పది వేలు చేద్దామని! నీళ్లు అడిగితే రేటు పెంచారు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు వ్యంగ్యం రాదు, బూతులే వస్తాయి.

అందుకే ఆ సేఫ్ అన్న మాట నాకు మింగుడు పడదు. 83 శాతం వచ్చేవాడికి ఆ ఊరు వెళ్లాల్సిన పనిలేదు, ఎలాగూ వేస్తారు. మిగిలింది పంచుకునేవాళ్లకీ వెళ్లాల్సిన పనిలేదు, ఎలాగూ వెయ్యరు. ఇదే మావాడికి చెబితే "అన్నా, నువ్వు మరీ సీరియస్ అవుతున్నావు" అన్నాడు. వాడి సొంత నియోజకవర్గం పేరేంటో అడిగాను. గూగుల్‌లో చూసి చెప్తానన్నాడు.