సవరణ: గ్రీకు పాటలో బాణీ, ఉదాత్తం

ప్రాచీన గ్రీకు పాటల్లో బాణీ ఎప్పుడూ పదంలోని ఉదాత్తాన్నే (పై స్వరంలో పలికే అక్షరాన్నే) అనుసరిస్తుందని ముందటి పోస్టులో ఉంది. అది అన్ని పాటలకూ వర్తించదు.

క్రీ.పూ. 2వ శతాబ్దపు డెల్ఫీ స్తోత్రాల్లో (అపోలో దేవుడిపై పాటల్లో) ఉదాత్తాక్షరం పదంలోని మిగతా అక్షరాలకన్నా కింది స్వరంలో దాదాపు ఎక్కడా పడదు. నాటకకర్త యూరిపిడీస్ రాసిన ‘ఒరెస్టీస్’ నాటకంలోని బృందగానపు పపైరస్ ముక్కలో మాత్రం ఆ పట్టింపు కనిపించదు. కారణం సులువే: ఒకే బాణీకి రెండు చరణాలు పాడాలి. గురులఘువులు రెండింటా సరిపోతాయి, ఉదాత్తాలు సరిపోవు. ఛందస్సు నడిచేదీ గురులఘువులతోనే.

సైకిలోస్ సమాధి శిలపై స్వరాలతో చెక్కిన గ్రీకు పాటలో అక్షరం మీద గీత ఉంటే రెండు మాత్రలు. గీతకు కొక్కెం చేరితే మూడు, మన ప్లుతంలాగే. ఆ పాట ఉదాత్తాన్ని చాలావరకు పాటిస్తుంది, తొలి పదం ‘హొసొన్’లో తప్ప. అక్కడ ఉదాత్తం మొదటి అక్షరానిది, బాణీ పైకెగిరేది రెండోదానిపై.