టెన్షన్ నెంబరు ఎంత అక్కా?

(గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత డాబా ఇల్లు. కింద పెద్దకోడలు రాజ్యలక్ష్మి, పైన చిన్నకోడలు పద్మ. వంటగదులు వేరు పడ్డాయి గానీ ఆవకాయ మాత్రం ఇప్పటికీ ఇద్దరూ కలిసే పెడతారు. ఆ రోజు వాళ్ళింటికి ఎవరూ వెళ్ళకపోవడం మంచిది. ఇప్పుడు జూన్ నెల. ఎండ మాత్రం మే దగ్గరే ఆగిపోయింది. కరెంటు లేదు. రాజ్యలక్ష్మి చేతిలో విసనకర్ర, పద్మ చేతిలో ఫోను.)

పద్మ: అక్కా, నీ టెన్షన్ నెంబరు ఎంత?

రాజ్యలక్ష్మి: నా ఫోన్ నెంబరే నాకు గుర్తుండదు.

పద్మ: అది కాదు. అస్సలు లేకపోతే సున్నా, తట్టుకోలేకపోతే పది. మధ్యలో ఎంతో చెప్పు.

రాజ్యలక్ష్మి: ఆదివారం వియ్యపురాలు వస్తోంది. పోయినేడు నా ఆవకాయ నాలిక్కి రాసుకుని, "మీ గుంటూరులో ఉప్పు చవకా వదినగారూ" అంది. ఎనిమిది రాసుకో.

పద్మ: అమ్మో, ఎనిమిదే! అయితే ట్యాపింగ్ చేద్దాం.

రాజ్యలక్ష్మి: ట్యాప్ కారుతోందని మీ ఆయనకి నెల రోజుల నుంచి చెబుతున్నా. ఇప్పుడు నన్ను చెయ్యమంటావా?

పద్మ: కుళాయి కాదక్కా! వేళ్ళతో ఒంటి మీద కొన్ని చోట్ల తట్టుకోవడం. సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ లేదూ, అందులో చోట్లే. సూది ఉండదు. 1980 ప్రాంతంలో అమెరికాలో రోజర్ కాలహన్ అని ఒక సైకాలజిస్టు ఉండేవాడు. నీళ్ళంటే భయపడే ఒకావిడ ఆయన దగ్గరికి వచ్చేది. నీళ్ళని తలుచుకుంటే కడుపులో తిప్పుతుందని చెప్పింది. చైనా వైద్యంలో కడుపు నాడి కంటి కింద నుంచి పోతుంది కదా అని ఆయన అక్కడ తట్టించాడు. భయం పోయిందట!

రాజ్యలక్ష్మి: కడుపులో తిప్పితే కంటి కింద తట్టాడా! మనకైతే వాము నీళ్ళిచ్చేవాళ్ళు.

పద్మ: తర్వాత 1990ల్లో ఆయన శిష్యుడు గారీ క్రెయిగ్ వచ్చాడు. స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చదివినాయన. గురువుగారు ఒక్కో బాధకి ఒక్కో వరస చెప్పేవాడు. ఈయన ఏ బాధకైనా ఒకటే వరస అన్నాడు.

రాజ్యలక్ష్మి: ప్లేట్ మీల్స్ చేశాడన్నమాట. సరే, కరెంటు వచ్చేదాకా కాలక్షేపం. చెప్పు.

పద్మ: చిటికెన వేలి కింద అరచేతి పక్క భాగం ఉందే, దాన్ని రెండో చేతి వేళ్ళతో తడుతూ నీ బాధ పేరు పెట్టి చెప్పాలి. "నాకు ఫలానా టెన్షన్ ఉన్నా, నన్ను నేను మనస్ఫూర్తిగా అంగీకరిస్తున్నాను" అని మూడుసార్లు.

రాజ్యలక్ష్మి: వియ్యపురాలు వస్తున్నా, నన్ను నేను మనస్ఫూర్తిగా... ఒసేయ్, నన్ను నేను అంగీకరిస్తే ఏం లాభమే? ఆవిడ కదా అంగీకరించాల్సింది!

పద్మ: అను అక్కా! ఇప్పుడు నడినెత్తి. ఒక్కో చోట ఏడెనిమిది సార్లు.

రాజ్యలక్ష్మి: చిన్నప్పుడు మా లెక్కల మాస్టారు రోజూ చేసేవారు ఇది.

పద్మ: కనుబొమ్మ మొదలు. కంటి పక్క. కంటి కింద. ముక్కు కింద. గడ్డం మీద. మెడ ఎముక కింద. చంకకి నాలుగు అంగుళాల కింద.

రాజ్యలక్ష్మి: (చంక దగ్గర తట్టుకుని కిసుక్కున నవ్వి) ఇది మాత్రం బాగుంది.

పద్మ: ఇప్పుడు చేతి వెనక, చిటికెన వేలికీ ఉంగరం వేలికీ మధ్య తడుతూ కళ్ళు గుండ్రంగా తిప్పు. ఒక కూనిరాగం తియ్యి. ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టు. మళ్ళీ రాగం తియ్యి.

(రాజ్యలక్ష్మి కళ్ళు తిప్పుతూ మంగళహారతి అందుకుంది. పిట్టగోడ మీంచి తొంగిచూసిన పక్కింటావిడ గబుక్కున తల లోపలికి లాక్కుంది. ఈ సాయంత్రానికి నాలుగో లైనంతా తెలుస్తుంది.)

పద్మ: ఇప్పుడు ఎంత?

రాజ్యలక్ష్మి: ఐదు.

పద్మ: చూశావా!

రాజ్యలక్ష్మి: పైకి చూడు, ఫాను తిరుగుతోంది. ఆ మూడూ కరెంటాఫీసు వాళ్ళు తగ్గించారు. ఏదీ, ఆ ఫోనిలా ఇవ్వు. నువ్వు ఎప్పుడూ సగమే చదువుతావు. (కళ్ళద్దాలు పెట్టుకుని) ఇదిగో! 2003లో కెనడాలో కాలేజీ పిల్లల మీద పరీక్ష చేశారట. కొందరు సరైన చోట్ల తట్టుకున్నారు. కొందరు చేతి మీద సంబంధం లేని చోట్ల తట్టుకున్నారు. కొందరు ఏకంగా బొమ్మని తట్టారు. మూడు జట్లకీ భయం తగ్గిందట! ఏమే, బొమ్మకి కూడా నాడులుంటాయా?

పద్మ: ఇంకో జట్టుకి ఊరికే కాగితంతో బొమ్మ చేసే పనిచ్చారు, వాళ్ళకి తగ్గలేదుగా! అంటే చోటుదేం లేదు గానీ, భయాన్ని తలుచుకుంటూ తడితే కొంచెం నెమ్మదిస్తుందేమో.

రాజ్యలక్ష్మి: ఇంత మాత్రానికి నా మొహం వాయించుకోవడం దేనికి? షోకేసులో కొండపల్లి అంబారీ ఏనుగు ఉంది, తీసుకురా. (ఏనుగుని ఒళ్ళో పెట్టుకుని తడుతూ) దీనికి చంక ఎక్కడే?... నాలుగు. సరే, ఇప్పుడు నీ వంతు.

పద్మ: నాకేం టెన్షన్ లేదక్కా.

రాజ్యలక్ష్మి: ఇవాళ నువ్వు అడక్కుండా కాఫీ ఇచ్చావు. పొద్దున్న నా బట్టలు ఆరేశావు. ఇప్పుడు నా టెన్షన్ తగ్గించే పని పెట్టుకున్నావు. ఏం చేశావో చెప్పు. చేతి పక్క తడుతూ చెప్పు.

పద్మ: (తడుతూ) ఆవకాయ జాడీలో బూజు పట్టినా, నన్ను నేను మనస్ఫూర్తిగా...

రాజ్యలక్ష్మి: మూడుసార్లన్నావుగా. ఇంకోసారి.

పద్మ: తడి గరిట పెట్టింది నేనే అయినా, నన్ను నేను...

రాజ్యలక్ష్మి: మూడోసారి.

పద్మ: నా వాటా తరిగిపోతుందని రోజూ నీ జాడీలోంచే తీసుకుంటున్నా... నన్ను నేను... అక్కా, నువ్వు మాట్లాడు. నువ్వు మాట్లాడకపోతే భయంగా ఉంటుంది.

(రాజ్యలక్ష్మి మాట్లాడలేదు. ఏనుగు నెత్తి మీద ఏడుసార్లు తట్టింది.)

రాజ్యలక్ష్మి: ఏ జాడీ?

పద్మ: నీలం గుడ్డతో వాసెన కట్టింది. నీది ఎప్పుడూ నీలం గుడ్డేగా. తెల్లగుడ్డది నాది, దాని జోలికే వెళ్ళలేదు. నిండుగా ఉంది.

రాజ్యలక్ష్మి: పోయినేడు నా జాడీ ఉగాది దాకా రావాల్సింది. సంక్రాంతికే అడుగంటింది. పిల్లి తిందా, ఎలుక తిందా అనుకున్నాను. వాటికి వాసెన మళ్ళీ కట్టడం రాదు కదా! అందుకని ఈసారి నీలం గుడ్డ నీ జాడీకి కట్టాను.

(పద్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది.)

పద్మ: అయితే ఇన్నాళ్ళూ నేను తిన్నది...

రాజ్యలక్ష్మి: నీదే. బూజు పట్టింది కూడా నీదే. నిండుగా ఉన్నది నాది. ఆదివారం వియ్యపురాలికి అందులోంచి పెడతాను. నా నెంబరు ఒకటి. నీదెంత?

(పద్మ జవాబు చెప్పకుండా ఏనుగుని లాక్కుంది.)

రాజ్యలక్ష్మి: మెల్లిగానే! అది పొణికి కర్ర, తొండం విరుగుతుంది.