18 ఏళ్లు ఆగినవాళ్లం, ఇంకో 18 ఆగలేమా?

అభిమానులకు సినిమా వాళ్లు చేసే ద్రోహాలు చాలా ఉన్నాయి. నటుణ్ణి మార్చేయడం, సంగీతాన్ని పాడుచేయడం, ముగింపును అందరికీ అర్థమయ్యేలా తీయడం వంటివి ఎలాగోలా దిగమింగుకోవచ్చు. కానీ ఏళ్ల తరబడి అడుగుతున్నదాన్ని నిజంగానే తీసి చేతిలో పెట్టడం మాత్రం క్షమించరాని నేరం. ఈ నేరానికి బలైనవారు కడపలో కొందరున్నారు. వారి గోడు లోకానికి వినిపించడానికే ఈ వ్యాసం.

బాధితులు ఎందరని అడగవద్దు. ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఒకటి ఉంది. సాయంత్రం అక్కడి స్టూళ్లన్నీ నిండితే కడపలోని ‘ఫాంటాజం’ అభిమానులందరూ వచ్చినట్టే. దుకాణం యజమాని, ఒక బీమా ఏజెంటు, రిటైరైన లెక్కల సారు, ఇంజనీరింగు చదివే ఒక కుర్రాడు వీరిలో ముఖ్యులు. తక్కినవారు ఫోను ఇచ్చి కూర్చున్నవారు. అయితే ఫోను చేతికొచ్చేలోపు వారూ అభిమానులైపోతారు. వేరే దారి లేదు.

తెలియనివారి కోసం (అలాంటివారు ఇంకా మిగిలి ఉండటం మన విద్యావ్యవస్థ వైఫల్యం) కాస్త వివరించాలి. ‘ఫాంటాజం’ 1979లో విడుదలైన అమెరికన్ భయానక చిత్రం. దర్శకుడు డాన్ కాస్కరెల్లికి అప్పటికి పాతికేళ్లు. తండ్రి డబ్బు సర్దాడు. తల్లి దుస్తుల నుంచి అలంకరణ దాకా నానా పనులూ నెత్తిన వేసుకుని, ఇంతమంది పనిచేశారని జనం అనుకునేలా తెరమీద వేర్వేరు పేర్లతో కనిపించింది. కెమెరాను శుక్రవారం అద్దెకు తెచ్చి సోమవారం తిరిగిచ్చేవారు. ఒక రోజు అద్దెతో శని, ఆదివారాలు కలిసొచ్చేవి. ఇంత పొదుపుగా సంసారం చేసిన సినిమా సీమవాసులకు నచ్చకుండా ఎలా ఉంటుంది?

కథలో ఒక పొడుగు మనిషి ఉంటాడు. ఆ పాత్ర వేసిన ఆంగస్ స్క్రిమ్ అసలే ఆరడుగులు దాటిన మనిషి. ఇంకా పొడుగ్గా కనబడాలని కురచ సూటు, ఎత్తు బూట్లు తొడిగారు. ఈయన అంత్యక్రియలు జరిపే భవనం నడుపుతూ, శవాలను దొంగిలించి, సగానికి కుదించి, పీపాల్లో కుక్కి, వేరే లోకానికి బానిసలుగా పంపిస్తుంటాడు. ఆ భవనం నడవాల్లో వెండి రంగు గోళం ఒకటి ఎగురుతూ వచ్చి నుదుటికి అతుక్కుని, తొలిచి, నెత్తురు చిమ్మిస్తుంది. వీటన్నిటినీ ఎదుర్కొనేది మైక్ అనే పదమూడేళ్ల పిల్లవాడు, అతని అన్న జోడీ, వాళ్ల స్నేహితుడు రెగ్గీ. రెగ్గీ వృత్తి ఐస్‌క్రీం అమ్మడం. మే నెలలో కడపలో ఒక్క మధ్యాహ్నం గడిపినవారెవరూ ఐస్‌క్రీం అమ్మేవాడు కథానాయకుడు ఎలా అవుతాడని అడగరు.

శవాలను ఎందుకు కుదిస్తారన్నది కూడా సినిమాలోనే చెప్పారు. అవతలి లోకంలో గురుత్వాకర్షణ ఎక్కువ, వేడి ఎక్కువ. దీనిపై లెక్కల సారుకు మొదటి నుంచీ అభ్యంతరం ఉంది. “వేడి ఎన్ని డిగ్రీలో చెప్పాలి కదా! నలభై నాలుగుకే మనుషులు కుదించుకుపోతే మనమంతా ఈపాటికి పీపాల్లో ఉండాలి” అంటారాయన.

రెండో భాగం 1988లో వచ్చింది. పెద్ద స్టూడియో డబ్బు పెట్టింది, పెట్టిన చేత్తోనే మైక్ వేషానికి వేరే నటుణ్ణి తెచ్చింది. 1994లో మూడో భాగానికి పాత మైక్ తిరిగొచ్చాడు. గోళంలో ఉండేది చచ్చిపోయినవారి మెదడేనని ఆ భాగంలో తేలింది. దుకాణం యజమాని మనసు అప్పటి నుంచి కుదుట పడలేదు. మెదడు సరే, మరి ఛార్జింగు మాట ఏమిటన్నది ఆయన ప్రశ్న. అంత వేగంతో ఎగిరి, పుర్రె తొలిచి, మళ్లీ ఎగరాలంటే ఎంత బ్యాటరీ కావాలి? ఆయన ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా చేతిలో ఎవరిదో ఉబ్బిపోయిన బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు.

1998 నాటి నాలుగో భాగానికి చేతిలో డబ్బు లేదు. మొదటి సినిమా తొలి కూర్పు మూడు గంటలు దాటిందట. అందులో కత్తిరించి పక్కన పెట్టిన ముక్కలను బయటికి తీసి, రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున్నే చిత్రాన్నం చేసినట్టు, కొత్త కథలో కలిపేశారు. నటుల పడుచు ముఖాలూ ముదిరిన ముఖాలూ ఒకే సినిమాలో కనిపించాయి. అభిమానులు దీన్ని కళాఖండమన్నారు. చివర ఏమీ తేలలేదు కాబట్టి మహా కళాఖండమన్నారు.

ఆ తర్వాత 18 ఏళ్లు ఏమీ రాలేదు. అది స్వర్ణయుగం.

ఈ మాట ఊరికే అనడం లేదు. సినిమా లేనప్పుడే అభిమాని పూర్తి స్వేచ్ఛతో పనిచేస్తాడు. ఆ కాలంలో ఈ దుకాణంలోనే కనీసం నాలుగైదు ఐదో భాగాలు తయారయ్యాయి. బీమా ఏజెంటు తన కథను పాత డైరీలో రాసిపెట్టుకున్నాడు. ఊళ్లకు ఊళ్ల శవాలు మాయమవుతుంటే క్లెయిములు ఎలా చెల్లించారన్నది అతని అనుమానం. శవం లేదు, మరణ ధ్రువపత్రం ఉంది, నామినీ ఏడుస్తున్నాడు. విచారణకు వచ్చిన అధికారి ఆ భవనం తలుపు తడతాడు. పొడుగు మనిషి తలుపు తీస్తాడు. అధికారి “పాలసీ నంబరు?” అంటాడు. నాలుగు భాగాల్లో తుపాకులకు లొంగనివాడు కాగితాలకు లొంగిపోతాడు. నిష్పక్షపాతంగా చెబితే, ఇంతకన్నా భయంకరమైన దృశ్యం ఆ సినిమాలు వేటిలోనూ లేదు.

లెక్కల సారు కథలో గోళం ప్రయాణానికి ఒక సమీకరణం ఉంటుంది. ఆ సమీకరణం తప్ప ఇంకేమీ ఉండదు.

ఇలా అందరూ సుఖంగా ఉన్న సమయంలో 2016 అక్టోబరులో ఐదో భాగం ‘రావేజర్’ విడుదలైంది. ముందు రెగ్గీ మీద చిన్న చిన్న ముక్కలుగా మొదలుపెట్టి, ఏళ్ల పాటు గుట్టుగా తీస్తూ తీస్తూ పూర్తి సినిమా చేశారు. 2014లో ప్రకటించేదాకా బయటివారికి తెలియదు. దర్శకత్వం డేవిడ్ హార్ట్‌మన్‌కు అప్పగించి కాస్కరెల్లి రచనలో, నిర్మాణంలో పాలుపంచుకున్నాడు. 2016 జనవరిలోనే స్క్రిమ్ 89 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. పొడుగు మనిషిగా ఆయన ఆఖరి సినిమా ఆయన పోయాక తెరకెక్కింది. శవాలతో వ్యాపారం చేసిన పాత్రకు ఇంతకన్నా తగిన వీడ్కోలు ఉండదని ఎవరైనా అనుకోవచ్చు. మా వాళ్లు అనుకోలేదు.

ఈ భాగంలో రెగ్గీ ఒకసారి ఎడారి దారుల్లో గోళాలతో పోరాడుతుంటాడు, మరోసారి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చక్రాల కుర్చీలో ఉంటాడు. పక్కన కూర్చున్న మైక్, నీకు మతిమరపు జబ్బు వచ్చిందని నచ్చజెబుతుంటాడు. ఇంకొకసారి నగరం మీద కొండంత గోళాలు తిరిగే పాడుకాలంలో కళ్లు తెరుస్తాడు. ఏది నిజమో సినిమా చెప్పదు.

దీనిపై అభియోగపత్రం చాలా పెద్దది. తొలి ఆరోపణ గ్రాఫిక్స్ మీద. దుకాణం యజమాని అంచు పగిలిన ఒక ఫోనులో దృశ్యాన్ని ఆపి, సన్నటి స్క్రూడ్రైవరు కొనతో తెర మీద చూపిస్తాడు. “చూడండి సామీ, గోళం గోడ పక్కనే పోతోంది. నీడ ఎక్కడ? ఇక్కడా లేదు, ఇక్కడా లేదు.” స్క్రూడ్రైవరు గోడంతా వెతుకుతుంది. చుట్టూ ఉన్న తలలు దగ్గరకొస్తాయి. 1979లో అసలు గోళాన్ని మనిషి చేత్తో విసిరించి, ఆ రీలును వెనక్కి తిప్పి వాడుకున్నారని, చేతి చలవ కంప్యూటర్‌కు రాదని సారు తీర్పు చెబుతారు. ఇంతలో ఆ ఫోను అసలు యజమాని వచ్చి, ఇచ్చి మూడు రోజులైంది, ఇంకా అద్దం ఎందుకు మార్చలేదని అడుగుతాడు. ఆధారాన్ని స్వాధీనం చేసుకున్నామని అతనికి ఎలా చెప్పాలి?

రెండో ఆరోపణ, ముగింపు తేల్చలేదని. మొదటి భాగంలోనూ తేల్చలేదు కదా అని ఎవరో అమాయకుడు అన్నాడు. అందులో అన్న కారు ప్రమాదంలో పోయాడనీ, మిగతాదంతా కల అనీ మైక్‌కు చెబుతారు. మరుక్షణమే అద్దంలో పొడుగు మనిషి కనిపిస్తాడు. “అప్పుడు తేల్చకపోవడం కళ. ఇప్పుడు తేల్చకపోవడం బద్ధకం” అని బీమా ఏజెంటు సమాధానమిచ్చాడు. మరి తేల్చి ఉంటే? “అంతా తేల్చేసి రహస్యాన్ని చంపేశారని రాసేవాళ్లం.” చట్టంలో ఇంత పకడ్బందీ సెక్షను లేదు.

మూడోది, నటులు ముసలివాళ్లయ్యారని. మొదటి సినిమా వచ్చిన 37 ఏళ్లకు వాళ్లకు వయసు మీద పడిందట. ఈ ఆరోపణ చేసిన లెక్కల సారును స్టూలు మీద నుంచి లేపడానికి ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకోవాల్సి వచ్చింది.

ఈ కడపవాళ్లకేం తెలుసు, ఆలస్యంగా వచ్చే కొనసాగింపుల గురించి తీర్పు చెప్పడానికి వీరెవరు అని బయటి జిల్లాలవారు అడగవచ్చు. ప్రపంచంలో ఈ విషయంలో మాకున్న అనుభవం ఎవరికీ లేదు. ఉక్కు కర్మాగారానికి 2007లో జమ్మలమడుగు దగ్గర శంకుస్థాపన జరిగింది. అది మొదటి భాగం. 2014 విభజన చట్టంలో, కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టవచ్చేమో ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. వాటిని కథా చర్చలు అనుకోవాలి. 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర రెండో భాగం, దర్శకుడు వేరు. 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లెలో మూడో భాగం, దర్శకుడు మళ్లీ వేరు. 2023 ఫిబ్రవరిలో అదే ఊళ్లో భూమిపూజతో నాలుగోది. లొకేషను పాతదే, నిర్మాత మాత్రం కొత్త. ఈ నాలుగింటి మధ్య పదహారేళ్లలో ఒక్క ఇనుప కడ్డీ బయటికి రాలేదు, అయినా ప్రతిసారీ జనం వెళ్లి చూసి వచ్చారు. వీరిని మించిన అభిమానులు అమెరికాలో ఉంటే చూపించండి. పైగా అక్కడ ఐదో భాగం వచ్చేసింది.

భాష్యం చెప్పడంలోనూ మాది అందెవేసిన చెయ్యి. కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మంగారు జీవసమాధి పొందిన జిల్లా ఇది. ఎక్కడ ఏ వింత జరిగినా, జరిగిన మరునాడు, ఆయన అప్పుడే చెప్పారని పద్యంతో సహా తేల్చేవారు వీధికొకరుంటారు. ఈ విద్యతోనే బీమా ఏజెంటు ఐదో భాగంలోని మతిమరపునకు బీజం మొదటి భాగంలోని కలలోనే ఉందని కనిపెట్టాడు. అంత గొప్ప పోలిక దొరికితే సినిమా మీద గౌరవం పెరగాలి కదా అని నేనన్నాను. “ముందే చెప్పినదాన్ని మళ్లీ చెప్పడానికి 18 ఏళ్లా?” అని డైరీ మూసేశాడు.

ఇక ఇంజనీరింగు కుర్రాడి సంగతి. ఇతడు ఐదు భాగాలనూ సెలవుల్లో వరుసగా ఒక్క వారంలో చూసేశాడు. వేచి చూడనివాడు అభిమాని ఎలా అవుతాడన్న ప్రాథమిక ప్రశ్న అలాగే ఉండగా, ఐదోది తనకు నచ్చిందని పైకి అనేశాడు. దుకాణంలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

“ఎందుకు నచ్చింది నాయనా?” అని సారు మెల్లగా అడిగారు, జ్వరం ఎప్పటి నుంచి ఉందని అడిగినట్టుగా.

“రెగ్గీ మంచం మీద ఉంటే మైక్, జోడీ పక్కనే ఉంటారు కదా సార్. మొదటి సినిమా నుంచి ఆ ముగ్గురే. మా తాత కూడా చివర్లో మమ్మల్ని గుర్తుపట్టలేదు. చిన్నప్పటి ఎద్దుల పేర్లు మాత్రం వరుసగా చెప్పేవాడు. వాటిని తోలుకురమ్మని రాత్రిపూట కేకలు వేసేవాడు. ఆయనకు అదే నిజం.”

చర్చను ఇలా సొంత ఇంటి విషయాలతో పక్కదారి పట్టించడం ఎంత అన్యాయమో పాఠకులే గ్రహించాలి. యజమాని స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. ఏజెంటు తన డైరీ అట్టను గోకుతూ కూర్చున్నాడు. పరిస్థితి చేయి దాటిపోయేదే. సారు తేరుకుని, “అది వేరు నాయనా. మీ తాతను గ్రాఫిక్స్‌లో చూపించలేదు కదా” అనడంతో అందరికీ ఊపిరి వచ్చింది.

మళ్లీ ఇలాంటి ప్రమాదం జరగకుండా ఒక సంఘాన్ని నమోదు చేయించాలని ఆ సాయంత్రమే నిశ్చయించారు. నియమావళి ముసాయిదా నేనే రాస్తున్నాను. అభిమానులు కొనసాగింపు కావాలని అడిగినంత మాత్రాన తీయరాదు. తీయక తప్పకపోతే ప్రకటించి ఊరుకోవాలి. విడుదల చేసి తీరాలనుకుంటే, అభిమానులు మనసులో ముందే తీసుకున్న సినిమాలన్నీ చూసి, వాటిలో దేనికీ తక్కువ కాకుండా, దేన్నీ పోలకుండా, పాత నటులతోనే, వారికి వయసు రాకముందే తీయాలి. సభ్యత్వం వంద రూపాయలు. ఐదో భాగం చూడకుండానే తిట్టేవారికి సగం రాయితీ. నచ్చినవారికి ప్రవేశం నిషిద్ధం అన్న నిబంధన కూడా ఉండేది. కానీ సంఘం పేరున ఖాతా తెరిచి, ఫోనులో చందాలు జమ చేసుకోవడం ఆ కుర్రాడికొక్కడికే వచ్చు. కాబట్టి అతణ్ణి కోశాధికారిగా ఎన్నుకుని, ఆ నిబంధనను వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.