రన్నింగ్ క్లబ్బులో మంత్రివర్గ విస్తరణ

పోయిన ఆదివారం మా రన్నింగ్ క్లబ్బుకి కొత్త కెప్టెన్లు వచ్చారు. ఊరికే రాలేదండి, నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర పొద్దున్నే ఐదింటికి శాలువాలు కప్పించుకుని, మైకు పట్టుకుని తలా రెండు ముక్కలు మాట్లాడి, ఆ రెండు ముక్కలూ ముప్పావుగంట సాగి, వార్మప్ చేసి నిలబడ్డవాళ్ళ ఒళ్ళు మళ్ళీ చల్లబడిపోయాక వచ్చారు.

2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం రాష్ట్ర మంత్రివర్గం శాసనసభ బలంలో 15 శాతం దాటకూడదు, అందుకే 119 మంది ఎమ్మెల్యేలున్న తెలంగాణలో ముఖ్యమంత్రితో కలిపి 18 మందికే ఛాన్సు. మా క్లబ్బులో క్రమం తప్పకుండా వచ్చేది 40 మంది, ఆ లెక్కన ఆరుగురు చాలు. మేం 14 మందిని పెట్టుకున్నాం. ఇదేంటని అడిగితే, రాజ్యాంగం రన్నింగ్ క్లబ్బులకి వర్తించదని మా లాయర్ మెంబరు తేల్చేశాడు. ఆయనిప్పుడు రూల్స్ కెప్టెన్.

శాఖల పంపకం అంత ఈజీగా ఏం జరగలేదు. కిలోమీటరు ఆరు నిమిషాల గ్రూపుకొకరు, ఏడుకొకరు, ఎనిమిదికొకరు, ఇంతవరకు ఓకే. అరటిపళ్ళు, ఎలక్ట్రాల్ చూసే హైడ్రేషన్ కెప్టెన్, అదీ ఓకే. అసలు గొడవంతా టిఫిన్ కెప్టెన్ దగ్గర, ఎందుకంటే రన్ అయ్యాక ఏ హోటల్‌కి పోవాలో డిసైడ్ చేసేది ఆయనే, మా దగ్గర అది రెవెన్యూ శాఖతో సమానం. దానికి ముగ్గురు పోటీ పడితే ఒకరికి ఇచ్చి, ఇంకొకర్ని ఫోటో కెప్టెన్ చేసి, అలిగి గ్రూపులోంచి ఎగ్జిట్ అయిపోయిన మూడో ఆయన్ని వెనక్కి పిలిపించి నామినేటెడ్ పోస్టు లాగా మోటివేషన్ కెప్టెన్ ఇచ్చారు, ఆయన రోజూ నాలుగున్నరకి సూర్యోదయం బొమ్మ మీద ఒక సూక్తి పెట్టి మళ్ళీ పడుకుంటాడు. కూకట్‌పల్లికి మూడు పోస్టులిచ్చి ఎల్బీ నగర్‌కి ఒక్కటీ ఇవ్వలేదని ఉప్పల్ వాళ్ళు బాధపడుతున్నారు (ఎల్బీ నగర్ నుంచి మెంబర్లే లేరు, అది వేరే విషయం).

చీఫ్ కెప్టెన్ గారు మోకాలి నొప్పితో పరుగు మానేసి ఏడాదైంది. ఇది మైనస్ అనుకునేరు, ఆయన పూర్తి టైమ్ క్లబ్బుకి ఇవ్వగలుగుతున్నది దానివల్లే.

మొదటి సమీక్షా సమావేశం రెండు గంటలు జరిగింది. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉంది, ఈ పీపుల్స్ ప్లాజాలోనే మొదలై గచ్చిబౌలి స్టేడియం దాకా 42.195 కిలోమీటర్లు, దారిలో ఎక్కడానికి ఫ్లైఓవర్లు, ఒళ్ళంతా ఉక్క, దానికి ప్రాక్టీసు ఎలా అన్నది ఎజెండాలో ఆఖరి అంశం. మొదటి అంశం టీషర్టు మీద 'కెప్టెన్' అన్న మాట ముందు ఉండాలా వెనక ఉండాలా అని. వెనక అని తీర్మానించారు, వెనకొచ్చేవాళ్ళకి కనబడుతుందని. కెప్టెన్ల వెనక ఎవరొస్తారు సార్ అని నేను అడిగినందుకు కొద్దిసేపు నిశ్శబ్దం. కుక్కలు వస్తాయి కదా అన్నాడు ఎవడో.

ఇన్ని పోస్టుల్లో ఒక్కటి మాత్రం ఇప్పటికీ ఖాళీ. స్వీపర్. అంటే అందరికన్నా చివర, అందరికన్నా నెమ్మదిగా పరిగెత్తేవాళ్ళ పక్కనే ఉండి వాళ్ళని క్షేమంగా ఫినిష్ దాకా తెచ్చేవాడు. పేరు బాలేదని ఎవరూ తీసుకోలేదు, టెయిల్ కెప్టెన్ అని మార్చారు, అది ఇంకా ఘోరంగా ఉంది. 2019లో వియన్నాలో కెన్యా రన్నర్ కిప్‌చోగే 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో మారథాన్ దూరం పరిగెత్తినప్పుడు ఆయన చుట్టూ వంతులవారీగా పరిగెత్తిన పేసర్లు, అంటే ఆయన వేగం తగ్గకుండా తోడు పరిగెత్తేవాళ్ళు, 41 మంది, వాళ్ళలో ఒలింపిక్ మెడల్ కొట్టినవాళ్ళూ ఉన్నారు, ఆఖర్లో పక్కకి తప్పుకుని ఆయన్ని ముందుకి పంపేశారు. ఒక్క మనిషికి 41 మంది! ఈ ముక్క మీటింగులో చెప్తే, చూశారా, మనకి ఇంకో 27 మంది కెప్టెన్లు కావాలన్నారు.

సరే, ఈ ఆదివారం 18 కిలోమీటర్ల లాంగ్ రన్. మియాపూర్ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు పన్నెండో కిలోమీటరు దగ్గర పిక్క పట్టేసి ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు. "అన్నా, మీరు ఏ కెప్టెనన్నా?" అన్నాడు. ఏం కాదు తమ్ముడూ అన్నా. పాపం వాడికి నమ్మకం పోయినట్టుంది, అయినా కాలు సాగదీసుకుని, ఇద్దరం నడుస్తూ పరిగెడుతూ వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది, అరటిపళ్ళు అయిపోయాయి, ప్లాజాలో మావాళ్ళు ఒక్కరూ లేరు. గ్రూప్ ఫోటో మాత్రం అప్పటికే వాట్సాప్‌లో పడింది, ముందు వరసలో 14 టీషర్టులూ వీపులు తిప్పి నిలబడ్డాయి, రాసింది కనబడాలి కదా.

దాని కిందే నాకొక మెసేజ్, ఫోటో కెప్టెన్ నుంచి. గ్రూప్ ఫోటోకి రానందుకు కారణం సాయంత్రంలోగా తెలపాలట.