బిట్‌కాయిన్ తీసుకుంటూ ఫోన్ నంబరు ఎందుకు?

గత నెల ఒక క్లౌడ్ నిల్వ సేవకు ఏడాది చందా కట్టబోయాను. బిట్‌కాయిన్ తీసుకుంటామనీ, వినియోగదారుల గోప్యతే తమకు ముఖ్యమనీ ఆ సంస్థ తన మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాసుకుంది. తీరా డబ్బు కట్టే చోటికి వచ్చేసరికి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు నింపితే తప్ప పేజీ ముందుకు కదలలేదు.

బిట్‌కాయిన్‌తో కడితే మనమెవరో తెలియదన్న నమ్మకమే పొరపాటు. బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ నమోదయ్యే, 2009 జనవరి 3న మొదలైన బ్లాక్‌చెయిన్ అనే ఖాతా పుస్తకాన్ని ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. అందులో పేర్లుండవన్నది నిజమే. అయితే మనలో ఎక్కువమంది నాణేలు కొనేది పాన్ అడిగే క్రిప్టో ఎక్స్ఛేంజీల్లోనే, పైగా 2023 మార్చి నుంచి అవి మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. ప్రతి లావాదేవీకీ కొత్త తాళంచెవుల జత, అంటే కొత్త బిట్‌కాయిన్ చిరునామా, వాడమని 2008 నాటి బిట్‌కాయిన్ మూలపత్రమే సూచించినా, ఒకే బిట్‌కాయిన్ చిరునామాను ఏళ్ళ తరబడి వాడేవారికి కొదవ లేదు. అలాంటివారి నుంచి ఒక్కసారి డబ్బు అందుకున్న అమ్మకందారు కూడా వారి పాత లెక్కలన్నీ తిరగేయగలడు. కిరాణా కొట్టులో సరుకుల డబ్బుతో పాటు బ్యాంకు పాసుపుస్తకం కూడా చేతిలో పెట్టి రావడం లాంటిదే ఇది.

పంపినవారినీ, అందుకున్నవారినీ, మొత్తాన్నీ దాచే మొనేరో అనే మరో క్రిప్టో నాణెం ఉంది కదా అంటారు. ఉంది, కానీ నాణెం ఎంత గుట్టు పాటించినా ఫారం నోరు మూసుకోదు. 2020లో లెడ్జర్ అనే, క్రిప్టో నాణేలను భద్రపరిచే వాలెట్ పరికరాల తయారీ సంస్థ నుంచి దాదాపు 2,72,000 మంది కొనుగోలుదారుల పేర్లు, ఇళ్ళ చిరునామాలు, ఫోన్ నంబర్లు బయటికి పొక్కాయి, ఆ తరువాత వారిలో ఎందరికో బెదిరింపులు వచ్చాయి. అక్కడ బ్లాక్‌చెయిన్‌ను ఎవరూ ఛేదించలేదు, అమ్మకాల జాబితా దొరికింది, అంతే.

స్వీడన్‌లోని మల్వాడ్ అనే వీపీఎన్ (ఇంటర్నెట్‌లో మన జాడ దాచే సేవ) సంస్థ ఈమెయిల్ కూడా అడగకుండా ఒక ఖాతా సంఖ్య ఇస్తుంది, కవరులో నోట్లు పెట్టి పంపినా తీసుకుంటుంది. 2023 ఏప్రిల్‌లో పోలీసులు సోదా వారంటుతో వచ్చి, వినియోగదారుల వివరాలేవీ అక్కడ లేకపోవడంతో ఉత్త చేతులతో వెళ్ళారు. మన దగ్గరేమో 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు వీపీఎన్ సంస్థలను వినియోగదారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఐదేళ్ళ పాటు దాచిపెట్టమంటున్నాయి. (పన్ను ఎగవేత కోసమే ఈ గొడవంతా అనేవారికి ఒక మాట: క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను నేనూ కడుతున్నాను. ఆ లెక్క ఆదాయపు పన్ను శాఖకు తెలిస్తే చాలు, నేను ఏ సేవ కొన్నానో ఊరంతటికీ తెలియనక్కరలేదు.)

ఫోన్ నంబరు దేనికని ఆ క్లౌడ్ సంస్థకు ఈమెయిల్ రాస్తే, ఫారంలో ఆ గడి తప్పనిసరి కాబట్టి అని జవాబు వచ్చింది. చందా కట్టలేదు.