ఈశాన్య వానలు చూడని నివేదికతో అనుమతి ఇవ్వొద్దు

కొత్తపట్నం నుంచి కృష్ణపట్నం దాకా తీరం పొడవునా పరిశ్రమలకు భూములు చూస్తున్న కాలమిది. రామాయపట్నం ఓడరేవు దగ్గర భారత్ పెట్రోలియం రిఫైనరీ, పెట్రో రసాయనాల సముదాయం ప్రతిపాదనలో ఉన్నాయి. పెద్ద పరిశ్రమ వచ్చిన చోటికి దాని వెనకే చిన్నాచితకా రసాయన యూనిట్లు వస్తాయి. రావాలి కూడా. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లలు చదువు పూర్తవగానే చెన్నైకో హైదరాబాద్‌కో బస్సెక్కాల్సి వస్తోంది. సొంత ఊళ్లో ఉద్యోగం కోరుకోవడం వాళ్ల హక్కు. మా అభ్యంతరం ఫ్యాక్టరీల మీద కాదు. పర్యావరణ అనుమతి కోసం తయారవుతున్న నివేదికలు ఈ తీరాన్ని అసలైన కాలంలో చూడడం లేదు. ఆ లోపం సరిదిద్దకుండా ఏ కొత్త రసాయన కర్మాగారానికీ అనుమతి ఇవ్వకూడదన్నది మా మాట.

కేంద్రం 2006 సెప్టెంబరు 14న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం రసాయన పరిశ్రమ పెట్టాలంటే ముందుగా పర్యావరణ ప్రభావ అధ్యయనం జరగాలి. కంపెనీ పెట్టుకున్న కన్సల్టెంట్లు చుట్టూ 10 కిలోమీటర్ల మేర గాలి, నీరు, మట్టి నమూనాలు తీస్తారు. గాలిని 8 చోట్ల, వారానికి రెండుసార్లు చొప్పున 12 వారాలు కొలుస్తారు. ఒక్క సీజన్ లెక్కలుంటే సరిపోతుంది, అదీ వర్షాకాలం కాని సీజన్. గాలి విషయంలో ఇది సబబే. వాన పడితే దుమ్ము కొట్టుకుపోయి అంకెలు తక్కువగా వస్తాయి. నీటి విషయానికొచ్చేసరికి మాత్రం అదే పద్ధతి మన కొంప ముంచుతోంది. ఈ తీరంలో ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. ఎండాకాలంలో బోరు నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లి పరీక్షిస్తే కార్తీకంలో ఇక్కడ నీరు ఎటు నుంచి ఎటు పారుతుందో ఎలా తెలుస్తుంది?

తీరపు ఇసుక నేలల్లో దొరువులు, అంటే లోతు తక్కువ నీటి గుంటలు, చూసినవాళ్లకు ఈ బాధ అర్థమవుతుంది. కొద్ది అడుగులు తవ్వితే తియ్యటి నీరు ఊరుతుంది. వాన నీరు ఇసుకలో ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద పలచటి పొరగా నిలుస్తుంది. రైతులు ఒకప్పుడు ఆ నీటిని కడవలతో ముంచి నారుమళ్లకూ కూరగాయల మడులకూ పోసేవారు. ఇప్పుడు మోటార్లు పెడుతున్నారు. కొంచెం ఎక్కువ తోడినా కింది ఉప్పు పైకి వస్తుందని వాళ్లకు తెలుసు, అందుకే ఆచితూచి తోడతారు. అంత సున్నితమైన నీటి పొర అది. పైన ఒలికినదేదైనా వానతో పాటే నేరుగా అందులోకి దిగుతుంది, ఆపడానికి బంకమట్టి పొర ఉండదు. నివేదికలో భూగర్భ జలాల నమూనాలకు ఎనిమిది చోట్లు చూపించి సరిపెడితే, ఊరి పొలాల్లోని దొరువుల మాట ఎవరు రాస్తారు?

వ్యర్థజలం చుక్క కూడా బయటికి రాదని, అంతా జీరో లిక్విడ్ డిశ్చార్జ్ అని కంపెనీలు హామీ ఇస్తాయి. గాఢమైన వ్యర్థజలాన్ని ఆవిరి చేసి మిగిలిన ఉప్పును ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపడం, పలచనిదాన్ని శుద్ధి చేసి తిరిగి వాడుకోవడం దాని పద్ధతి. మంచి పద్ధతే, ఆవిరీ కరెంటూ ఆగనంతవరకు. తుపానుకు కరెంటు పోయి, ట్యాంకులు నిండి, డ్రమ్ములు కడిగిన ఆవరణలో మోకాలి లోతు వాన నీరు నిలిస్తే అదంతా ఎక్కడికి పోతుంది? పల్లానికి, అంటే తీరం వెంబడి సాగే బకింగ్‌హాం కాలువకు. అక్కణ్నుంచి రొయ్యల చెరువులు నీరు తోడుకునే క్రీకుల్లోకి, అంటే సముద్రపు పాయల్లోకి. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు పక్కనున్న పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. అలాంటి రోజున వ్యర్థాల ట్యాంకు గట్టు నిలుస్తుందా అన్న లెక్క నివేదికలో ఉండి తీరాలి.

ఈ ప్రశ్నలు అడగాల్సిన చోటు ప్రజాభిప్రాయ సేకరణ సభ. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కలెక్టరుగానీ ఆయన తరఫున సీనియర్ అధికారిగానీ అధ్యక్షత వహించాలి, జరిగినదంతా వీడియో తీయాలి. నిబంధనలు బాగానే ఉన్నాయి. కానీ తెలుగులో తప్పనిసరిగా ఇచ్చేది సారాంశం మాత్రమే. పట్టికలు, పటాలు, ప్రమాదం జరిగితే విషవాయువు ఎంత దూరం పాకుతుందన్న అంచనాలు ఉండే అసలు నివేదిక ఇంగ్లిషులోనే ఉంటుంది. షామియానా కింద మైకు అందుకున్న రైతు ఉద్యోగాల గురించి, భూమి రేటు గురించి అడిగి కూర్చుంటున్నాడంటే తప్పు ఆయనది కాదు. అసలు సభే లేని దారి కూడా ఒకటుంది. అనుమతి ఉన్న పారిశ్రామిక పార్కులో స్థలం తీసుకుంటే, దాని నిబంధనలకు లోబడినంతవరకు విడిగా ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. తీరమంతా పార్కులుగా ప్రకటిస్తూ పోతే పక్క ఊరికి నోరు విప్పే అవకాశమే ఉండదు.

ఆలస్యమైతే పెట్టుబడులు పోతాయని వాదించేవాళ్లున్నారు. అనుమతులు త్వరగా ఇచ్చే రాష్ట్ర సంస్థలకు ఎక్కువ మార్కులు వేసే రేటింగును కేంద్ర పర్యావరణ శాఖే 2022 జనవరిలో తెచ్చింది. మూడు దశాబ్దాలు నడవాల్సిన కర్మాగారానికి మూడు నెలల వానలు చూడడం ఆలస్యం ఎలా అవుతుంది? 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. సరైన పర్యావరణ అనుమతి లేకుండానే ప్లాంటు నడిచిందని ఆ సంస్థే అంతకు ఏడాది ముందు అఫిడవిట్‌లో ఒప్పుకుంది. ఎక్కడ కళ్లు మూసుకున్నారో తెలిసిన తర్వాత కూడా మళ్లీ తొందరపడదామా?

కృష్ణపట్నం, రామాయపట్నం పరిసరాల్లో పెట్టబోయే ప్రతి రసాయన యూనిట్‌కూ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నీటి అధ్యయనాన్ని, అనుమతి దరఖాస్తులు పరిశీలించే నిపుణుల కమిటీ తన షరతుల్లోనే తప్పనిసరి చేయాలి. 10 కిలోమీటర్ల లోపు దొరువులన్నీ గ్రామాల వారీగా లెక్కించి పటంలో గుర్తించాలి. పూర్తి నివేదిక తెలుగు ప్రతి సభకు నెల ముందే గ్రామ సచివాలయానికి చేరాలి, సందేహాలు తీర్చడానికి కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీరు ఒకరు అక్కడ కూర్చోవాలి. అనుమతి వచ్చాక కంపెనీ ఆరు నెలలకోసారి ఇచ్చే షరతుల అమలు నివేదిక కూడా పంచాయతీ నోటీసు బోర్డుకు ఎక్కాలి.

అనుమతి మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవడానికి చట్టం ఇచ్చే గడువు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. ఉత్తర్వు వచ్చిన సంగతే ఊరికి తెలియకపోతే ఆ గడువు ఉన్నా లేనట్టే. కాబట్టి ఉత్తర్వు ప్రతిని వచ్చిన రోజే పంచాయతీల్లో అతికించి, దండోరా వేయించే బాధ్యత రెండు జిల్లాల కలెక్టర్లూ తీసుకోవాలి. ఇందుకు ఢిల్లీ నుంచి కొత్త నిబంధన రానక్కర్లేదు, కలెక్టరు సర్క్యులర్ ఒక్కటి చాలు.